అన్నం వచ్చిందని క్లోమానికి ఎవరు చెప్పారు?

(నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో ఒక ఆదివారం సాయంత్రం, రిటైరైన జువాలజీ లెక్చరర్ ఒకరు ఊరివాళ్ళ కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడతా ఉందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఈ మైకుని నమ్ముకుంటే కష్టం.

మీ బోర్డు మీద ‘జీర్ణవ్యవస్థ, వినాళ గ్రంథులు’ అని రాశారు. వినాళ గ్రంథులంటే హార్మోన్లని నేరుగా రక్తంలోకి వదిలేవి, హార్మోను అంటే రక్తం మోసే కబురు అనుకోండి. ఇంటర్ పుస్తకంలో ఇవి రెండు వేరే పాఠాలు. మొదటిది అయిపోయాక రక్తప్రసరణ, విసర్జన, కండరాలు, నరాలు, ఇవన్నీ దాటుకుని ఎప్పటికో రెండోది వస్తుంది. అప్పటికి పిలకాయలు మొదటిది మర్చిపోయుంటారు. పరీక్షకి ఆ పద్ధతి సరిపోతుందేమో గానీ ఒంటికి సరిపోదు. మనం తిన్న ముద్ద పాఠం మారేదాకా ఆగదు గదా! ముద్ద గొంతు దిగిన దగ్గర్నుంచి ఈ రెండు పాఠాలూ కలిసే నడుస్తాయి. ఇంకా గట్టిగా చెప్పాలంటే పేగే ఒక గ్రంథి. థైరాయిడ్ ఎట్టా గ్రంథో పేగూ అట్టా గ్రంథే. హార్మోన్లు తయారుచేసే అవయవాలన్నిట్లోకీ పెద్దది అదే. ఇవాళ నేను చెప్పొచ్చింది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం చానా ఇళ్ళల్లో చేపల పులుసే అయ్యుంటుంది. కాదన్నవాళ్ళు పప్పన్నం అనుకోండి, నాకు ఇబ్బంది లేదు. ఒక ముద్ద తీసుకుందాం. అన్నం, పులుసు, ఒక చేప ముక్క, కాస్త నూనె. అన్నంలో పిండిపదార్థం, చేపలో మాంసకృత్తులు, నూనెలో కొవ్వు. ఈ మూడూ ఆ ఒక్క ముద్దలోనే ఉన్నాయి. దాని వెనకే పోదాం.

నోట్లో ఏమవుతుందో మీకు తెలుసు. లాలాజలం రోజుకి లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. అందులో అమైలేజ్ అనే ఎంజైము పిండిని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. ఒట్టి అన్నం బాగా నమిలితే తియ్యగా తగులుతుంది, ఇంటికెళ్ళి చూడండి. మింగాక పాతిక సెంటీమీటర్ల అన్నవాహిక. అందులో ముద్ద తన బరువుకి తను జారిపోదు, గొట్టం కండరాలు వెనక నుంచి నొక్కుతూ తోస్తాయి. అందుకే తలకిందులుగా ఉన్నా మింగొచ్చు. పిలకాయలూ, ఇది మాత్రం ఇంటికెళ్ళి చూడొద్దు.

ఇక పొట్ట. జీర్ణాశయం. అక్కడ ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ల్యాబులో సీసా మీద రాసుంటుందే, ఆ ఆమ్లమే. ఖాళీ కడుపున దాని పీహెచ్, అంటే పులుపు కొలత, 1.5, 2 దగ్గర ఉంటుంది. ఆ అంకె ఎంత తగ్గితే అంత పులుపు. చేపలో మాంసకృత్తులని తునకలు చేసే పెప్సిన్ పనిచెయ్యాలంటే అంత పులుపు కావాలి. మరి మాంసాన్ని అరిగించే పొట్ట తనని తాను ఎందుకు అరిగించుకోదు? లోపలంతా దట్టంగా జిగురు పొర ఉంటుంది, ఆ పొరలో కాస్త క్షారం ఉంటుంది. పైగా లోపలి కణాలు కొద్ది రోజులకే మారిపోయి కొత్తవి వస్తుంటాయి. ఆ జిగురు పొర చెడినచోట పుండు పడుతుంది. అదే అల్సర్.

అల్సర్ అనగానే మనవాళ్ళు కారం మీద పడతారు. ‘మన నెల్లూరోళ్ళ కారానికి రాకేం చేస్తుంది’ అంటారు. కారం వల్ల మంట పెరగొచ్చు, పుండుకి అసలు కారణం అది కాదు. ఎక్కువమందిలో కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. రెండోది, కీళ్ళనొప్పులకి నెలల తరబడి మింగే నొప్పి బిళ్ళలు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు ఈ బ్యాక్టీరియా సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. అంత ఆమ్లంలో సూక్ష్మజీవి ఎట్టా బతుకుతుంది అన్నారు. ఆయన 1984లో ఆ బ్యాక్టీరియాని తనే తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు పట్టుకున్నాయి, పొట్టలోకి గొట్టం వేసి చూస్తే వాపు, బ్యాక్టీరియా రెండూ కనిపించాయి. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు. కాబట్టి గ్యాస్ బిళ్ళ ఏళ్ళ తరబడి సొంతంగా మింగేవాళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోండి. బ్యాక్టీరియా ఉంటే రెండు వారాల మందుల కోర్సుతో సాధారణంగా పోతుంది.

పొట్ట లోపల ఏం జరుగుతుందో మొదట కళ్ళారా చూసింది ఎవరు? అమెరికాలో విలియం బోమాంట్ అనే మిలిటరీ డాక్టరు. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి పొరపాటున తుపాకీ పేలి పొట్టకి తూటా దెబ్బ తగిలింది. చచ్చిపోతాడనుకున్నారు, బతికాడు. కానీ గాయం పూర్తిగా మూసుకోలేదు, బయట నుంచి పొట్టలోకి ఒక కంత మిగిలిపోయింది. బోమాంట్ ఏం చేశాడు? మాంసం ముక్కకి పట్టుదారం కట్టి ఆ కంతలోంచి లోపలికి దించేవాడు, గంటకోసారి లాగి చూసేవాడు. ఎంత కరిగింది, ఎంత మిగిలింది అని రాసుకునేవాడు. ఏళ్ళ తరబడి! పాపం ఆ కుర్రాడికి విసుగొచ్చేది, కోపమొచ్చేది. బోమాంట్ అదీ రాసుకున్నాడు: కోపంగా ఉన్నప్పుడు అరుగుదల సరిగా సాగట్లేదు అని. ఆ లెక్కలన్నీ 1833లో పుస్తకంగా వేశాడు. సెయింట్ మార్టిన్ మాత్రం డాక్టరు పోయాక కూడా చానా ఏళ్ళు, 1880 దాకా బతికాడు.

కోపంలో అరుగుదల ఎందుకు తగ్గుతుంది? అడ్రినలిన్. మూత్రపిండాల మీద కూర్చుని ఉండే అధివృక్క గ్రంథి నుంచి వచ్చే హార్మోను. దానితో పాటు నరాలు. రెండూ కలిసి పేగులకి పోయే రక్తాన్ని కండరాలకి మళ్ళిస్తాయి. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగట్లేదంటే తల్లులు తిట్టొద్దు. అది నాటకం కాదు, అడ్రినలిన్.

పేగు పంపే కబురు

ఇప్పుడు అసలు చోటికొచ్చాం. పొట్ట నుంచి చిన్నపేగులోకి దిగే చోట ఒక కండరపు వలయం ఉంటుంది, పైలోరస్ అంటారు. పొట్టలో ముద్ద గంజిలాగా అయ్యాక ఈ వలయం కొంచెం కొంచెంగా వదులుతుంది. ఎంత వదలాలో దానికెవరు చెబుతారు?

కనిగిరి రిజర్వాయరు కింద సేద్యం చేసేవాళ్ళు ఇక్కడ సగం మంది ఉన్నారు. లష్కరు షట్టరు ఎప్పుడు దించుతాడు? పైన నీళ్ళెన్ని ఉన్నాయని చూసి మాత్రమే కాదు గదా. కాలవ నిండుగా పోతా ఉంది, చేలు మునుగుతా ఉన్నాయి, ఆపబ్బా అని కింద నుంచి కబురొస్తే దించుతాడు. పొట్టకీ అట్టాగే కింద నుంచే కబురు. చిన్నపేగు మొదటి పాతిక సెంటీమీటర్లు, ఆంత్రమూలం అంటారు దాన్ని, అక్కడికి ఆమ్లం ఎక్కువ వచ్చినా, నూనె ఎక్కువ వచ్చినా, పొట్టని నిదానించమని కబురు పోతుంది. బిరియాని తిన్నరోజు సాయంత్రం దాకా ఆకలెయ్యదు, ఇడ్లీ తిన్నరోజు పదకొండుకే ఆకలి. తేడా కొవ్వులో ఉంది.

సరే, కబురు పోతుందన్నాను. ఎట్టా పోతుంది? నరం మీదా? వందేళ్ళ పైచిలుకు కింద ఇదే పెద్ద వాదం. రష్యాలో పావ్లోవ్ ఉండేవాడు. పావ్లోవ్ అంటే అందరికీ గంట, కుక్క, లాలాజలం గుర్తొస్తాయి. కానీ ఆయనకి 1904లో నోబెల్ ఇచ్చింది జీర్ణరసాల మీద చేసిన పనికి. పేగులోకి ఆమ్లం రాగానే క్లోమం రసాన్ని వదులుతుందని ఆయన ల్యాబులో చూశారు. క్లోమం అంటే ప్యాంక్రియాస్. పొట్ట వెనక అడ్డంగా పడుకుని ఉంటుంది, జానెడు కూడా ఉండదు, బరువు వంద గ్రాముల లోపు. పేగులో ఆమ్లం పడిందని దానికెవరు చెప్పారు? నరాలే చెప్పాయి అన్నాడు పావ్లోవ్. ఆ రోజుల్లో ఒంట్లో ఏ కబురైనా నరాల మీదే పోతుందని అందరి నమ్మకం.

లండన్‌లో ఇద్దరున్నారు. బేలిస్, స్టార్లింగ్. స్టార్లింగ్ చెల్లెల్నో అక్కనో, ఆ తేడా ఇక్కడ మనకి అక్కర్లేదు, బేలిస్ చేసుకున్నాడు. అంటే బావా బామ్మర్దులు. యూనివర్సిటీ కాలేజీలో ఇద్దరూ కలిసి పనిచేసేవాళ్ళు. 1902 జనవరి 16న మత్తిచ్చిన కుక్క మీద ఒక ప్రయోగం చేశారు. చిన్నపేగులో ఒక ముక్కని రెండు పక్కలా దారంతో కట్టేశారు. ఆ ముక్కకి వచ్చే నరాలన్నీ జాగ్రత్తగా కోసేశారు. రక్తనాళాలు మాత్రం వదిలేశారు. ఇప్పుడు ఆ ముక్కకీ మిగతా ఒంటికీ మధ్య నరం అన్నది లేదు, రక్తం ఒక్కటే ఉంది. ఆ ముక్కలోకి ఆమ్లం పోశారు.

ఏమవ్వాలి? పావ్లోవ్ చెప్పింది నిజమైతే ఏమీ కాకూడదు. చెప్పే నరమే లేదు గదా. కానీ రెండు నిమిషాలకి క్లోమం నుంచి రసం చుక్క చుక్కగా పడటం మొదలైంది!

స్టార్లింగ్ అప్పటికప్పుడు అర్థం చేసుకున్నాడు. నరం కాకపోతే మిగిలింది రక్తమే. అంటే పేగు గోడ ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదిలింది. పేగు లోపలి పొరని గీకి తీశాడు, ఇసక వేసి ఆమ్లంతో నూరాడు, వడకట్టాడు. ఆ నీళ్ళు తీసి కుక్క మెడ దగ్గర సిరలోకి ఎక్కించారు. కాసేపటికి మళ్ళీ రసం. పేగులో ఆమ్లం లేదు, నరం లేదు, ఒట్టి ఆ నూరిన నీళ్ళకే! ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అన్న మాటని స్టార్లింగ్ వాడింది మూడేళ్ళ తర్వాత, 1905లో. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మొట్టమొదట హార్మోన్ అని రుజువైన పదార్థం ఎక్కడి నుంచి వచ్చింది? థైరాయిడ్ నుంచి కాదు, మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి నుంచి కాదు. పేగు నుంచి. మన పుస్తకాల్లో మాత్రం హార్మోన్ల పాఠంలో పేగుకి ఒక పేరా ఇస్తారు, అదీ ఆఖర్న. నాకది ఎప్పుడూ మింగుడుపడదు.

పావ్లోవ్ సంగతి చెప్పాలి. ఆయన ల్యాబులోనూ ఆ ప్రయోగం చేయించి చూశాడు. అదే ఫలితం వచ్చింది. ఒప్పుకున్నాడు. అంత పెద్దాయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం సైన్సులో కూడా అరుదు. అయితే పావ్లోవ్ చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు, నరాల పాత్రా ఉంది. పులుసు వాసనకే నోరూరుతుందే, పొట్టలో ఆమ్లం కూడా అప్పుడే ఊరడం మొదలవుతుంది. అది నరాల పని.

సెక్రెటిన్ చేసే పనేంది? పొట్ట నుంచి దిగింది పుల్లటి గంజి. అది అట్టాగే పోతే పేగు కాలిపోతుంది. సెక్రెటిన్ క్లోమం దగ్గరికి పోయి బైకార్బొనేట్ ఉన్న నీళ్ళు వదిలిస్తుంది. తినేసోడాలో ఉండేది అదే. పులుపు విరిగిపోతుంది. దానితో పాటు ఇంకో హార్మోను, కోలెసిస్టోకైనిన్. పేరు పొడుగు, డాక్టర్లు కూడా సీసీకే అనేస్తారు. పేగులో కొవ్వు, మాంసకృత్తులు తగలగానే ఇది రక్తంలోకి వస్తుంది. క్లోమం నుంచి ఎంజైములు వదిలిస్తుంది. పొట్టని నిదానించమంటుంది. మెదడుకి ఇంక చాలు అని చెబుతుంది. పిత్తాశయాన్ని, అదే గాల్ బ్లాడర్‌ని, పిండుతుంది. కాలేయంలో తయారైన పైత్యరసం 30 నుంచి 50 మిల్లీలీటర్లు అందులో చిక్కబడి ఉంటుంది. అది వచ్చి పడి నూనెని సన్నటి బిందువులుగా చీలుస్తుంది, అప్పుడే కొవ్వు ఎంజైముకి పని దొరుకుతుంది.

గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్న వాళ్ళని అడగండి నొప్పి ఎప్పుడొచ్చిందని. పెళ్ళిభోజనం చేసిన రాత్రి అంటారు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. కొవ్వు దిగింది, సీసీకే వచ్చింది, గాల్ బ్లాడర్ గట్టిగా పిండుకుంది, రాయి దారికి అడ్డం పడింది. కుడిపక్క డొక్క కింద మొదలై భుజం దాకా పాకుతుంది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు చానామంది.

ఒక టీస్పూను చక్కెర

చిన్నపేగు ఆరు మీటర్ల దాకా ఉంటుంది. లోపల గోడకి సన్నటి వేళ్ళలాంటి చూషకాలు, వాటి మీద ఇంకా సన్నటివి. ఆ మడతలన్నీ పరిస్తే టెన్నిస్ కోర్టంత అని పాత పుస్తకాలు రాశాయి. తర్వాత సరిగ్గా కొలిచి చూస్తే దాదాపు 30 చదరపు మీటర్లని తేలింది. అయినా తక్కువేం కాదు, ఒక పెద్ద హాలు గది. చక్కెర, మాంసకృత్తుల తునకలు అక్కడి నుంచి రక్తంలోకి, ఆ రక్తం నేరుగా కాలేయానికి. కొవ్వు మాత్రం వేరే దారిన, శోషరస నాళాల గుండా పోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. షుగరు రిపోర్టులో పరగడుపున 90, 100 అని ఉంటుంది. ఏంది ఆ వంద? వంద మిల్లీలీటర్ల రక్తంలో వంద మిల్లీగ్రాముల గ్లూకోజు. ఒంట్లో రక్తం ఐదు లీటర్లు అనుకోండి. మొత్తం ఎంతయింది? చెప్పండి పిలకాయలూ... ఐదు గ్రాములు. ఆ, కరెక్టే. ఐదు గ్రాములంటే ఒక టీస్పూను. మీ ఒంట్లో తిరిగే రక్తం మొత్తంలో ఉండే చక్కెర ఒక్క టీస్పూను! మరి మధ్యాహ్నం తిన్న అన్నం? రెండొందల గ్రాముల అన్నం తింటే యాభై గ్రాములకి పైగా పిండిపదార్థం, అంతా గ్లూకోజుగా మారేదే. పది టీస్పూన్ల పైమాట. రెండు మూడు గంటల్లో పది స్పూన్లు రక్తంలోకి దిగుతుంటే రక్తంలో మాత్రం స్పూను, స్పూనున్నర దాటకూడదు. ఎంత గట్టి పనో చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాడి ఒంట్లో ఈ పని పూటపూటా, వాడికి తెలియకుండా జరిగిపోతుంది.

ఆ పని చేసేది ఇన్సులిన్. మళ్ళీ ఆ క్లోమమే. 1869లో పాల్ లాంగర్‌హాన్స్, అప్పటికింకా విద్యార్థి, మైక్రోస్కోపులో క్లోమాన్ని చూస్తూ మిగతా కణాలకి తేడాగా ఉన్న చిన్న చిన్న గుంపులు గమనించాడు. అవెందుకున్నాయో ఆయనకి తెలియలేదు. 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ కుక్కకి క్లోమం తీసేస్తే దానికి షుగరు జబ్బు వచ్చింది. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ గుంపుల నుంచి వచ్చే పదార్థాన్ని పట్టుకున్నారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఎక్కించారు. మొదటి ఇంజెక్షన్ సరిగా పనిచెయ్యలేదు. కాలిప్ అనే కెమిస్టు దాన్ని ఇంకా శుభ్రం చేసి ఇస్తే, రెండు వారాల్లోపే రెండోసారి ఎక్కించారు, షుగరు దిగింది. దానికి ముందు ఆ రకం షుగరొచ్చిన పిల్లలు నెలల్లో, మహా అయితే ఒకటి రెండేళ్ళలో పోయేవాళ్ళు. పేటెంటుని యూనివర్సిటీకి ఒక్కొక్కరు ఒక్క డాలరుకి రాసిచ్చేశారు.

ఇన్సులిన్ వస్తే కండరాల్లో, కొవ్వు కణాల్లో గ్లూకోజుని లోపలికి తీసుకునే ప్రోటీన్లు పైపొరకి వస్తాయి, చక్కెర లోపలికి పోతుంది. కాలేయం తన వంతు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. కాలేయంలో దాదాపు వంద గ్రాములు, కండరాల్లో నాలుగొందల గ్రాముల దాకా. శివరాత్రి ఉపాసమైనా, రంజాన్ ఉపవాసమైనా కళ్ళు తిరిగి పడిపోకుండా ఉన్నామంటే కాలేయంలోది కొద్దికొద్దిగా బయటికి వస్తుంది కాబట్టి. తీసేది గ్లూకగాన్, అదీ క్లోమం గుంపుల్లోదే. ఇన్సులిన్ పక్కింటిదే.

ఇక్కడ నాకిష్టమైన ప్రయోగం ఒకటుంది. ఒకే మనిషికి ఒక రోజు గ్లూకోజు నీళ్ళు తాగిస్తారు. ఇంకో రోజు రక్తంలో షుగరు సరిగ్గా అంతే పెరిగేటట్టు సిరలోకి గ్లూకోజు ఎక్కిస్తారు. రెండు రోజులూ రక్తంలో షుగరు ఒకటే. మరి ఇన్సులిన్ ఒకటే రావాలి గదా? రాలేదు. నోటితో తాగిన రోజు చానా ఎక్కువ వచ్చింది. 1960ల్లోనే తేల్చారు ఇది. అంటే క్లోమం రక్తంలో షుగరు ఒక్కటే చూసి పనిచెయ్యట్లేదు. పేగులో అన్నం పడిందని ముందే కబురొచ్చింది దానికి. భోజనం తర్వాత వచ్చే ఇన్సులిన్‌లో సగానికి పైగా ఈ పేగు కబురు వల్లే. ఆ కబురు మోసే హార్మోన్లు రెండు: జీఐపీ, జీఎల్‌పీ-1. మనలో ఎక్కువమందికి ఉండే షుగరు, టైప్ 2, అందులో ఇన్సులిన్‌ని ఒళ్ళు సరిగా వినకపోవడంతో పాటు పేగు కబురు కూడా బలహీనపడుతుంది.

దీనివల్ల మనకేం లాభం? ఒకటి చెబుతా. అదే భోజనం, అవే వస్తువులు, తినే వరస మారిస్తే షుగరు మారుతుంది. కూర, పప్పు, చేప, గుడ్డు ముందు కాస్త తిని, ఆ తర్వాత అన్నంలోకి దిగితే భోజనం తర్వాత షుగరు తక్కువ పెరుగుతుంది. పీచు, మాంసకృత్తులు ముందు పేగుకి చేరితే జీఎల్‌పీ-1 ముందే వస్తుంది, పొట్ట నిదానిస్తుంది. మన పద్ధతిలో మొదటి ముద్దే అన్నంతో కలిపి తింటాం, నిజమే. నేను ఎవర్నీ అన్నం మానమనను, మొలగొలుకుల బియ్యం పండిన జిల్లాలో పుట్టి ఆ మాట నా నోట రాదు. ఒక గిన్నెడు కూర ముందు తినండి, అంతే. రెండు, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి. కండరం పనిచేస్తుంటే ఇన్సులిన్ లేకుండానే చక్కెరని లాక్కుంటుంది. ఇది ఖర్చులేని మందు, అందుకే ఎవరూ వాడరు.

ఎవరో చీటీ పంపారు. ‘రాత్రి ఎనిమిదికి తిని పడుకున్నాను, పొద్దున్నే షుగరు రాత్రి కంటే ఎక్కువ చూపించింది, మిషను తప్పా?’ మిషను తప్పు కాకపోవచ్చమ్మా. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను పెరుగుతాయి, ఒంటిని లేపడానికి. అవి కాలేయంతో చక్కెర బయటికి తీయిస్తాయి. ఇన్సులిన్ సరిపడా ఉంటే అది సర్దుకుంటుంది, షుగరున్నవాళ్ళలో సర్దుకోదు. దీనికని రాత్రి భోజనం మానేస్తే లాభం లేదు, ఆ చక్కెర భోజనంలోది కాదు. మీ డాక్టరుకి ఆ రీడింగు చూపించండి, మందు వేళ మారుస్తారు.

బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. అవి ఈ జీఎల్‌పీ-1 కథే. మన పేగు నుంచి వచ్చే జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలు కూడా నిలవదు, ఒక ఎంజైము దాన్ని కోసేస్తుంది. మందుగా ఎక్కిస్తే ఏం లాభం? అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అని ఒక విషపు బల్లి ఉంది. దాని విషంలో జీఎల్‌పీ-1ని పోలిన పదార్థం దొరికింది, ఆ ఎంజైము దాన్ని అంత తేలిగ్గా కొయ్యలేదు. దాన్నుంచి వచ్చిన మందుకి అమెరికాలో 2005లో అనుమతి దొరికింది. ఇప్పుడు వారానికోసారి వేసుకునేవి వచ్చాయి, మన దేశంలోకీ వచ్చాయి. ఆకలి తగ్గుతుంది, పొట్ట నెమ్మదిస్తుంది, అందుకే వికారం, వాంతులూ ఉంటాయి. పెళ్ళికి ముందు నాలుగు కిలోలు తగ్గడానికి మెడికల్ షాపులో కొనుక్కునే వస్తువు మాత్రం కాదది.

మన జిల్లా గురించి ఒకటి చెప్పకుండా దిగను. ఈ పక్క కాలవ నీళ్ళున్న ఊళ్ళకి అంతగా తెలియదు గానీ, ఉదయగిరి పక్క మెట్ట ఊళ్ళవాళ్ళకి, పాత ప్రకాశం జిల్లాలో కనిగిరి, పొదిలి వాళ్ళకి ఫ్లోరైడ్ అంటే చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బుని మన దేశంలో మొదట వివరంగా రాసింది ఎక్కడి మనుషుల్ని చూసి? 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా మనుషుల్ని చూసి. షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఆ తాలూకాలు మనలోనే ఉండేవి, 1970లో విడిపోయాయి. నడుం తిప్పలేని, మెడ వంచలేని మనుషులు. అది కూడా పేగు, గ్రంథి కలిసిన కథే. ఫ్లోరైడ్ పొట్టలోంచి, చిన్నపేగులోంచి చానా త్వరగా రక్తంలోకి పోతుంది. కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకల్లో చేరుతుంది. తిండిలో కాల్షియం ఉంటే అది పేగులోనే ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది, లోపలికి పోయేది తగ్గుతుంది. పాలు, పెరుగు, రాగులు లేని ఇంట్లో ఆ అడ్డు ఉండదు. రక్తంలో కాల్షియం తగ్గితే థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగూ మేలుకుంటాయి, ఎముకలోంచి కాల్షియం తియ్యడం మొదలుపెడతాయి. ఒక పక్క ఫ్లోరైడ్ ఎముకని గట్టిపరుస్తా ఉంటే ఇంకో పక్క గ్రంథి తవ్వుతా ఉంటుంది. ఎదిగే పిల్లల కాళ్ళు వంకర్లు పోయేది ఇందువల్లే. ఇంకో మాట, నీళ్ళు మరగకాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరయ్యి ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగడానికి పనికిరావు, మీ బంధువులెవరైనా ఆ పక్క ఉంటే బోరు నీళ్ళు పరీక్ష చేయించమనండి.

ఆఖరి చీటీ. ‘థైరాయిడ్ బిళ్ళ రోజూ వేసుకుంటున్నాను, అయినా టీఎస్‌హెచ్ తగ్గట్లేదు.’ టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పనిచెయ్యమని పీయూష గ్రంథి పంపే హార్మోను, బిళ్ళ సరిగా అందితే అది తగ్గాలి. బిళ్ళ దేంతో వేసుకుంటారమ్మా? కాఫీతోనా? అనుకున్నా. ఆ బిళ్ళ చిన్నపేగులోనే లోపలికి పోవాలి. కాఫీ దాన్ని తగ్గిస్తుంది. ఐరన్, కాల్షియం బిళ్ళలయితే పేగులోనే దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. పొద్దున లేవగానే పరగడుపున ఒట్టి నీళ్ళతో వేసుకోండి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ వద్దు. కాల్షియం, ఐరన్ నాలుగు గంటలు ఆగాక. ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయించి చూడండి, డోసు పెంచాలో వద్దో అప్పుడు మీ డాక్టరు చెబుతారు. పాలు లేని బ్లాక్ కాఫీ అయితే పర్లేదా అని పక్కన ఎవరో అడుగుతున్నారు. లేదండీ, అదీ కాఫీయే. గంట ఆగండి.